ఊకొట్టే కంబం

కామాటిపురా పేరు వినగానే, సానివాడ కదా అని కొందరు మూతి ముడుస్తారు. ముడుచుకోనీ, వాళ్ల మూతి వాళ్లిష్టం! ఈ బొంబాయిలో గోడలు లేపిన కామాటోళ్ల పేరు మీద వెలసిన పేట అది. పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకొని వచ్చినవాళ్ల మనుమలూ మునిమనుమలూ ఆ గల్లీల్లోనే పుట్టి పెరిగారు. పొద్దున నల్లా దగ్గర తెలుగులో తిట్టుకుంటారు, మధ్యాహ్నం కిరాణా కొట్టులో మరాఠీలో బేరమాడతారు, సాయంత్రం హిందీ పాటలు వింటారు. ఎనభైల నడుమ, ఫాక్‌లాండ్ రోడ్డుకు దగ్గర్లో, అలాంటి వాళ్లతో నిండిన వరస ఒంటిగదుల మూడంతస్తుల చాల్ ఒకటి ఉండేది. పై అంతస్తులో చివరి గది పెంటమ్మది.

పెంటమ్మ మొగుడు ముత్తయ్య తాపీ మేస్త్రి. ఒక వానాకాలం పరంజా మీది నుంచి జారి పడి పోయాడు. మిగిలింది ఇద్దరు పిల్లలు. పెద్దవాడు రాజలింగం తండ్రి తాపీ అందుకున్నాడు. చిన్నది మంగళ ఇంట్లోనే కూర్చొని బీడీలు చుట్టేది. ఒక్క గదిలో ముగ్గురు ఎట్లా మసలుతారు? అందుకని గోడకు ఎత్తుగా చెక్కలు బిగించి ఒక అటక వేసుకున్నారు. అక్కడివాళ్లు దాన్ని మాళా అంటారు. మంగళ చోటు ఆ మాళా మీదే. చేట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే పిల్ల నెత్తికీ పైకప్పుకూ మధ్య జానెడు సందు ఉండేది.

ఆ ఇంట్లో ఒక ముచ్చట ఉండేది. పొద్దుగూకి దీపాల వేళ అయితే పెంటమ్మ కింద స్టవ్వు ముందు కూర్చొని రొట్టెలు కొడుతూ కత చెప్పేది. పైనుంచి మంగళ తునికాకు కత్తిరిస్తూ ఊ కొట్టేది. దాని ఊ అందరి ఊ లాంటిది కాదు. కిందనుంచి మొదలై చివర కొంచెం పైకి లేచేది. ఆ ఊ వినిపిస్తేనే పెంటమ్మకు తర్వాతి మాట వచ్చేది. ఊ ఆగిందంటే కత కూడా ఆగిపోవాలి. ఊ కొట్టేవాళ్లు లేకుండా కత చెప్పుకుంటూ పోతే వినకూడనివి వచ్చి వింటాయని పెంటమ్మకు వాళ్లమ్మ చెప్పింది.

మంగళకు ఇష్టమైన కత ఒకటే. ఒక అన్న కోట గోడ కడుతుంటాడు. ఎంత కట్టినా గోడ నిలవదు. రాజుగారు నిన్ను పెద్ద మేస్త్రిని చేస్తానంటే ఆశపడి, ఆ అన్న చెల్లెను గోడలో పెట్టి కట్టేస్తాడు. గోడ నిలుస్తుంది గానీ అన్నకు మనసు నిలవదు. చివరికి గోడ దగ్గర కూలబడి ఏడిస్తే చెల్లె మన్నిస్తుంది, గోడ పగిలి బయటికొస్తుంది. అక్కడికి వచ్చేసరికి మంగళ ఊ అన్నిటికంటే గట్టిగా వచ్చేది. మళ్లీ చెప్పవే అవ్వా అని గారం చేసేది.

ఒక ఆదివారం తల్లీ కూతుళ్లు వర్లిలో చుట్టాల పెళ్లికి పోయారు. తిరిగొచ్చేసరికి చాల్ పైన గచ్చి మీద, సరిగ్గా వాళ్ల గది నెత్తిన, ఒక ఇనుప కంబం నిలబడి ఉంది. ఇద్దరు మనుషుల ఎత్తు. కొసన కడ్డీలు. దాని నుంచి ఒక నల్లటి తీగ వాళ్ల కిటికీ పక్కగా గోడ వెంబడి కిందికి దిగి, తుకారాం గదిలోకి దూరింది.

తుకారాం అంటే చాల్ యజమాని మనిషి. కిరాయిలు వసూలు చేసేవాడు, నోటి నిండా పాన్ వేసుకొని మెట్ల దగ్గర కూర్చునేవాడు. ఏదో దుబాయి మాలు వ్యాపారం చేసే సేటు వాడి గదిలో వైర్‌లెస్ సెట్టు పెట్టించాడని, సముద్రంలో పడవలతో మాట్లాడుకుంటారని చాలంతా గుసగుసలు.

"ఎవరు పాతిండ్రురా ఇది?" అని అడిగింది పెంటమ్మ.

"తుకారాం మనుషులొచ్చిండ్రు. మనకెందుకే అవ్వా" అన్నాడు రాజలింగం, అద్దంలో చూసి తల దువ్వుకుంటూ.

ఆ వారమే మంగళ చెవిలో వేలు పెట్టుకొని ఆడించడం మొదలుపెట్టింది. "అవ్వా, మోత ఇనవడ్తుందా? ఊ అని ఒక్కటే తీరు." పెంటమ్మ చెవి రిక్కించింది. ఆమెకేమీ వినిపించలేదు. ముసలి చెవులు. కానీ ఒకటి మాత్రం ఆమె కళ్లారా చూసింది. తుకారాం సెట్టు మాట్లాడే వేళకు, స్విచ్చు ఆపి ఉన్న ట్యూబులైటు దానంతటది మినుకుమినుకుమనేది. పక్క గది అంజమ్మ రేడియోలో పాట ఆగి ఎవడో మగాడు అంకెలు చదివేవాడు. గచ్చి మీద కాకులు వాలడం మానేశాయి.

తర్వాత మంగళకు తలనొప్పి పట్టుకుంది. తిన్నది ఇమిడేది కాదు. నిద్ర లేదు. ముక్కులోంచి రక్తం కారి చేటలో పొగాకు తడిసేది. పెంటమ్మ తుకారాం దగ్గరికి పోయి దండం పెట్టింది. వాడికి ఇన్నేళ్ల సావాసంతో తెలుగు బాగానే వచ్చు.

"అరే పెంటాబాయీ, గాలిలో మాట పోతది, గంతే. గాలికి బరువుంటదా? నీ పోరికి ఏం తగుల్తది?" అని నవ్వి మెట్ల మూల ఉమ్మేశాడు.

దవాఖానాలో డాక్టరు కూడా నవ్వాడు. గాలిలో పోయే మాటలకు జబ్బు చేస్తే బొంబాయి మొత్తం మంచం పట్టాలి కదమ్మా అన్నాడు. రక్తం తక్కువుందని గోలీలు రాశాడు. ఏమో, ఆయన మాటే నిజమేమో! కంబమే ఆ పిల్లను తినేసిందని ఒట్టేసి చెప్పగలిగినవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. కానీ పిల్ల మాత్రం కళ్ల ముందే ఎండిపోయింది. మాళా దిగి కింద పడుకోవే అంటే, కింద అన్నకు చోటు సరిపోదు కదే అనేది. ఆ మాట అన్నప్పుడల్లా రాజలింగం లేచి బయటికి పోయేవాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం పెంటమ్మ నల్లా నీళ్లు మోసుకొని పైకి వచ్చింది. "బిడ్డా, సల్ల తాగుతవా?" అంది. పైనుంచి ఊ రాలేదు. మళ్లీ అడిగింది. రాలేదు. బిందె దించి నిచ్చెన ఎక్కింది. మంగళ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఒళ్లో చేట. కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు అరచేతులూ రెండు చెవుల మీద గట్టిగా నొక్కి ఉన్నాయి.

ఎంత లాగినా ఆ చేతులు చెవుల మీది నుంచి రాలేదు. అంజమ్మ పట్టింది, ఆడవాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. వేడినీళ్లు పోశారు. లాభం లేకపోయింది. చివరికి ఆ పిల్లను అట్లాగే, చెవులు మూసుకొని ఉండగానే కాష్టం మీదికి ఎక్కించారు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వాలి. ఏ మాటకు కాకి వాలితే ఆ మాట పోయినవాళ్లు పుచ్చుకున్నారని అర్థం. ఇచ్చిన మాట మళ్లీ వెనక్కి తీసుకోవడం ఉండదు.

"సముద్రం ఒడ్డుకు పోదాం వదినె. ఈ గచ్చి మీద కాకులు యాడున్నయి?" అంది అంజమ్మ.

"ఈడనే. ఈ కంబం మొదట్లనే" అంది పెంటమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఆ మూడు రోజులూ ఆమె ఏడవలేదు. కడుపులో మంటే తప్ప ఇంకేం లేదు ఆమెకు.

ఆకులో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఉడకబెట్టిన గుడ్డు, గల్లీ మూల బండివాడి దగ్గర తెచ్చిన వడాపావు పెట్టారు. మంగళకు అన్నిటికంటే ఆ వడాపావంటేనే ప్రాణం. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక్క కాకీ రాలేదు. అంజమ్మ ముందుకొచ్చి పోచమ్మకు బోనం తీస్తానంది. రాలేదు. రాజలింగం నీళ్ల చెంబు పట్టుకొని, ప్రతి ఏడూ నీ పేరు మీద చీర పెడతానన్నాడు. రాలేదు. తుకారాం కింద మెట్ల దగ్గర ఎవరితోనో పగలబడి నవ్వడం పైకి వినిపించింది.

ఆ నవ్వుతో పెంటమ్మ ఒక్క ఉదుటున పోయి కంబాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇను బిడ్డా. ఎవడైతే ఈ కంబాన్ని తన చేతులతోని నీ నెత్తిన పాతిండో, వాని చెవులల్ల గిదే మోత మోగాలె. వానికి తిండి పోవద్దు. నిద్ర పట్టొద్దు. నువ్వే పోయి మోగు. వాడు నీ లెక్కనే చెవులు మూసుకొని సచ్చేదాకా ఇడువకు. ఇది నీ అవ్వ మాట!"

నీళ్ల ట్యాంకు వెనక నుంచి ఒకే ఒక్క కాకి వచ్చింది. అరవలేదు. ఇంకో కాకిని పిలవలేదు. నేరుగా ఆకు దగ్గర దిగి, గబగబా మొత్తం తినేసింది. రాజలింగం చేతిలోని చెంబు జారి గచ్చంతా నీళ్లయింది. చెల్లె గుర్తొచ్చి ఉంటుందిలే అనుకుంది పెంటమ్మ.

ఆ మర్నాడే పోలీసులు వచ్చి తుకారాం గదిలో సెట్టు పట్టుకుపోయారు. గోడ మీది తీగ తెంపేశారు. వాణ్నీ తీసుకుపోయారు గానీ ఏ చెయ్యి ఏ జేబులో పడిందో, రెండు రోజులకే తిరిగొచ్చి మళ్లీ మెట్ల దగ్గర కూర్చున్నాడు. పెంటమ్మకు బాధనిపించలేదు. ఇంకా మంచిది, కళ్ల ముందే చస్తాడనుకుంది. రోజూ నీళ్లకు దిగినప్పుడు వాడి చెవుల వంక చూసేది.

"నిద్ర పడ్తుందా తుకారాం భాయీ?"

"ఫస్ట్ క్లాస్, పెంటాబాయీ!"

"చెవులల్ల ఏమన్న మోత?"

"నా చెవులకేమైంది? నీకేమన్న పిచ్చా?" అని పాన్ నమిలేవాడు. వాడి బుగ్గలు ఇంకా నున్నగా తేలాయి. పెంటమ్మ పళ్లు కొరుక్కుంటూ మెట్లెక్కేది. తొందరపడకు, నా బిడ్డ మాట తీసుకుంది కదా, ఇయ్యాల గాకపోతే రేపు అని తనకు తాను చెప్పుకునేది.

వానలు మొదలయ్యాయి. పైకప్పు ఉరిసి గది నిండా తడి వాసన, దాంట్లో ఎక్కడినుంచో పొగాకు వాసన. మంగళ చేట ఎప్పుడో తీసేశారు. అయినా ఆ వాసన పోలేదు. ఒకనాడు అన్నం తింటూ తింటూ రాజలింగం తల పక్కకు వంచాడు.

"అవ్వా... సెట్టు మళ్లీ పెట్టిండ్రా?"

"పోలీసోళ్లు ఎత్తుకపాయిరి గదరా."

"మరి గీ మోతేంది?"

పెంటమ్మ గరిటె పక్కన పెట్టింది. వానలో చెవికి చలి కొట్టి ఉంటుందని వెల్లుల్లి నూనె కాచి పోసింది. దూది పెట్టింది. వాడు తలకు తువాలు బిగించి పనికిపోయాడు. కొన్నాళ్లకు పరంజా మీద నిలబడలేక దిగిపోయి వచ్చాడు. తిన్నది కక్కుకున్నాడు. దిండు మీద ముక్కు రక్తం మరకలు పడ్డాయి. ట్యూబులైటు స్విచ్చు ఆపి ఉండగానే మినుకుమనేది. కింద సెట్టు లేదు. గోడ మీద తీగ లేదు. అయినా మినుకుమనేది.

"ఈ పిల్ల దారి తప్పింది. ఆ దొంగముండాకొడుకు కింద కూర్చుంటే నా ఇంట్ల ఎందుకు మోగుతుంది?" అనుకుంది పెంటమ్మ. ఆమెకు భయం కంటే ముందు కోపమే వచ్చింది. చెప్పాల్సింది చెప్పి వద్దామని, వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం గచ్చి ఎక్కింది.

పొద్దు కుంకలేదు గానీ మబ్బుకు అంతా బూడిద రంగుగా ఉంది. గచ్చి మీద నాచు. కింద గల్లీలో సైకిలు గంటలు, గిన్నెల చప్పుడు. పైన మాత్రం ఏమీ లేదు. ఒక్క పిట్ట లేదు. కంబం తడిసి నల్లగా నిలబడి ఉంది. తెగిన తీగ కొస గాలికి ఊగుతోంది. పెంటమ్మ దగ్గరికి పోయింది. చెయ్యి పెట్టింది.

కంబం వణుకుతోంది.

సన్నగా. లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. వణుకుతూనే ఉంది...

నాచు మీద కాలు జారి కంబం మొదట్లో కూలబడింది. అరచెయ్యి ఆనిన చోట నాచు చీలి కింద సిమెంటు దిమ్మె కనబడింది. దాని మీద ఏవో గీతలు. కొంగుతో తుడిచింది. మూడు గీతలు. పచ్చి సిమెంటు మీద మూడు వేళ్లు లాగి వదిలిన గీతలు.

పెంటమ్మ ఆ గీతల మీద తన వేళ్లు పెట్టి చూసింది.

అది ముత్తయ్య గుర్తు. పని అయిపోయాక దాని మీద మూడు వేళ్లు లాగడం అతని అలవాటు. కట్టింది పది కాలాలు నిలవాలని అట్లా చేసేవాడు. ముత్తయ్య దగ్గర ఆ అలవాటు నేర్చుకున్నవాడు లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడికీ ఇటుకల కింద నలిగి ఉంగరం వేలి కొస తెగిపోయింది. సిమెంటు మీద మూడో గీత మిగతా రెండిటికంటే పొట్టిగా ఉంది.

"కాదు" అంది పెంటమ్మ, పెద్దగా. "కాదు బిడ్డా... నేనన్నది మీ అన్ననా?"

"ఊఁ."

కంబంలోంచి వచ్చింది. కిందనుంచి మొదలై చివర కొంచెం పైకి లేచింది.

ఆమె మెట్లెట్లా దిగిందో ఆమెకే తెలియదు. గదిలో రాజలింగం గోడకు తల కొట్టుకుంటున్నాడు. పిలిస్తే వాడికి సరిగా వినిపించడం లేదు. పెంటమ్మ వాడి మొహం ముందు మూడు వేళ్లు చాపి, మూడో వేలు మడిచి చూపించింది. వాడు ఆ వేళ్లు చూశాడు. తర్వాత తల్లి కాళ్ల మీద పడ్డాడు.

"మేస్త్రిని చేస్తనన్నడే తుకారాం... కొత్త బిల్డింగు పని నా చేతికిస్తనన్నడు. చెల్లె ఉంటదని యాదికి రాలే అవ్వా, పాతేదాకా యాదికి రాలే."

"అటెనక? దాని ముక్కుల రక్తం చూసినంక?"

వాడు ఆమె పెదవుల వంక చూసి అర్థం చేసుకున్నాడు. "దానికి తెల్సు. గచ్చి మీదికి పొయ్యి చూసింది. అన్నా, ఇవి నీ వేళ్లే గదా అన్నది. అవ్వకు నేను చెప్పను, నువ్వే తీసెయ్యి అన్నది. నేను వచ్చే వారం అన్న... మల్ల వచ్చే వారం అన్న..." అని తల నేలకు ఆనించాడు. "అవ్వా, సచ్చేదాకా కూడ అది నీకు నా పేరు చెప్పలే."

పెంటమ్మ వాణ్ని ఎడాపెడా వాయించింది. మళ్లీ ఆ తలనే ఒళ్లో పెట్టుకొని గొల్లుమని ఏడ్చింది. కూతురు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏం తల్లి తాను! తన నోటితో తానే కొడుకును చంపమని చెప్పింది. ఆ పిల్ల నోరు మూసుకొని చచ్చిపోతే, తాను ఆ నోరు తెరిచింది. ఆ రోజు కాకి ఎందుకంత ఆవురావురుమని వాలిందో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రాజలింగం సుత్తె తీసుకొని గచ్చి ఎక్కాడు, వెనకాలే పెంటమ్మ. వాన పడుతూనే ఉంది. దిమ్మె పగలగొట్టి కంబాన్ని పడేశాడు. తుకారాం గొడవకు వచ్చాడు గానీ రాజలింగం కళ్లు చూసి కిందికి దిగిపోయాడు. కంబం పడిపోగానే రాజలింగం తల్లి వైపు తిరిగి ఆశగా నిలబడ్డాడు. తర్వాత మెల్లగా మొహం ముడుచుకుపోయింది.

"ఆగలే" అన్నాడు.

వారం తిరగకముందే వాడికి చెవులు పూర్తిగా పోయాయి. గల్లీలో బ్యాండు వాయించినా, దవాఖానాలో డాక్టరు వెనక నిలబడి స్టీలు గ్లాసు కొట్టినా రెప్ప వాల్చలేదు. లోకంలోని చప్పుళ్లన్నీ పోయి ఆ ఒక్క మోతే మిగిలిందన్నాడు. రెండు అరచేతులూ చెవుల మీద పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆమె మళ్లీ ఆకు వేసింది. వడాపావు, గుడ్డు, జొన్నరొట్టె. ఇప్పుడు కంబం లేదు కదా, గచ్చి పిట్టగోడ నిండా కాకులే. వరసగా కూర్చొని ఆమెనే చూస్తున్నాయి. "నా మాట వాపసు తీసుకుంటున్న బిడ్డా" అంది. ఒక్క కాకీ కదలలేదు. "తుకారాంను పట్టుకో. ఆశ పెట్టింది వాడే గదా." కదలలేదు. "పోనీ నా చెవులల్ల మోగు. పాతిన చేతులు అన్నవైతే మాటిచ్చిన నోరు నాది. నన్ను తీసుకపో." కాకులు అట్లాగే చూశాయి. పొద్దుగూకేదాకా చూసి, ఆకు ముట్టకుండా, అన్నీ ఒకేసారి లేచిపోయాయి. తుకారాం కింద ఎవరికో బీడీ అంటిస్తూ నవ్వుతున్నాడు. వాడు నిక్షేపంగా ఉన్నాడు. చాలా ఏళ్లు నిక్షేపంగానే బతికాడు.

ఆ సాయంత్రం పెంటమ్మ ట్యూబులైటు ఊడబీకి, ఒక పాత చీరలో చుట్టి మూలకు నిలబెట్టింది. కిరసనాయిలు దీపం ముట్టించింది. రాజలింగం మాళా కింద చాప మీద కూర్చొని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. అరచేతులు చెవుల మీద. ఆమె స్టవ్వు ముందు కూర్చొని పిండి కలిపింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. తట్టుకోలేక, ఎవరూ వినరని తెలిసీ, పాత అలవాటుకు నోరు తెరిచింది.

"ఒక ఊర్ల ఒక అన్న, ఒక చెల్లె ఉండిరి..."

"ఊఁ."

పెంటమ్మ మెల్లగా తల తిప్పింది. రాజలింగం గోడ వైపే చూస్తున్నాడు. పెదవులు మూసే ఉన్నాయి. మూలన చీర మడతల్లోంచి సన్నటి తెల్లటి వెలుగు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది.

"అన్న... అన్న కోట గోడ కడ్తుండె."

"ఊఁ."

మళ్లీ ఆ వెలుగు. ఈసారి ఆమె చూస్తూనే ఉంది. ఆ ఊ కొడుకు గొంతులోంచే వచ్చింది. కానీ కొడుకుది కాదు. కిందనుంచి మొదలై చివర కొంచెం పైకి లేచింది. గ్లాసు చప్పుడు వినబడనివాడు, తల్లి గుసగుసలాడిన మాటకు ఊ కొడుతున్నాడు.

పెంటమ్మకు పారిపోవాలనిపించింది. కానీ ఎక్కడికి పోతుంది? అక్కడున్న ఇద్దరూ ఆమె బిడ్డలే. అప్పుడే కనిపెట్టింది, కత నడుస్తున్నంతసేపూ రాజలింగం చేతులు చెవుల మీది నుంచి కొంచెం కొంచెం జారుతున్నాయి. వాడి భుజాలు వదులవుతున్నాయి. ఆ ఆశే ఆమెను పట్టుకొని నడిపించింది. ఆపకుండా చెప్పింది. గోడ నిలవకపోవడం చెప్పింది. ఊఁ. రాజు ఆశ పెట్టడం చెప్పింది. ఊఁ. చెల్లెను గోడలో పెట్టి కట్టడం చెప్పింది.

"ఊఁ..." ఈసారి కొంచెం పొడుగ్గా వచ్చింది.

"అటెనక అన్న గోడ కాడికొచ్చి ఏడ్చిండు. గుండెలు బాదుకున్నడు. తప్పయింది చెల్లె, అన్నడు."

"ఊఁ."

పెంటమ్మ కొంగు చాపింది. కళ్ల నిండా నీళ్లు. "అప్పుడు... అప్పుడు చెల్లె అన్నను మన్నించింది బిడ్డా."

ఊ రాలేదు.

బయట వాన చప్పుడు ఆగిపోయింది. దీపం వత్తి చిటపట. పెంటమ్మ ఎదురుచూసింది.

"మన్నించింది గదా తల్లీ... ఎప్పుడు చెప్పినా గంతే గదా కత..."

రాలేదు. చాప మీద రాజలింగం చేతులు మెల్లగా పైకి లేచాయి. అరచేతులు చెవుల వైపు పోతున్నాయి.

"ఆగు!" అంది పెంటమ్మ. చేతులు ఆగాయి. ఆమెకు ఆ కత ఇంకో తీరుగా తెలియదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది. మాట గాలి కంటే సన్నగా వచ్చింది.

"...మన్నియ్యలే."

మూలన చీరంతా తెల్లగా వెలిగింది. ఈసారి ఆరలేదు.

"ఊఁ."